స్కూటర్ ఇంజిన్ ఆయిల్: వేడి, మార్పిడి గడువు (పానగల్ ప్రాంతం)

స్కూటర్ ఇంజిన్ ఆయిల్ అనేది నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజిన్‌లో కదిలే భాగాల మధ్య పొరగా నిలిచి రాపిడిని తగ్గించే కందెన. వేడిని మోసుకుపోవడం, మసిని తనలో పట్టి ఉంచడం, లోహం తుప్పు పట్టకుండా కాపాడడం కూడా దాని పనులే. 100 నుంచి 125 సీసీ స్కూటర్లలో ఇది ముప్పావు లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆయిల్ ఎంత వేడెక్కుతుంది, దాన్ని ఎన్నాళ్లకు మార్చాలి అన్నవి ముడిపడిన ప్రశ్నలు. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్‌లోనూ, పాత మహబూబ్‌నగర్ జిల్లా మెట్ట ప్రాంతాల్లోనూ వేసవి తీవ్రంగా ఉంటుంది, రోజువారీ ప్రయాణాలు మాత్రం పొట్టివి. ఇక్కడ మీటరు మీది కిలోమీటర్లు చూసి గడువు తేల్చుకుంటే సగం నిజమే తెలుస్తుంది. ఆయిల్ ఎంత వేడిని భరించింది, ఇంజిన్‌లో ఎన్ని నెలలు ఉంది, బండి ఎలాంటి ప్రయాణాలు చేసింది అన్నవి కూడా చూడాలి.

ప్రాంత పరిచయం

పానగల్ కందూరు చోళుల నాటి రాజధాని. పచ్చల సోమేశ్వర, ఛాయా సోమేశ్వర ఆలయాలు, ఉదయసముద్రం జలాశయం ఇక్కడివే. ఊరి నుంచి నల్లగొండ పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరం. ఇదే పేరుతో వనపర్తి జిల్లాలో కొండకోట ఉన్న మరో పానగల్ కూడా ఉంది. రెండూ దక్కన్ పీఠభూమి మీది మెట్ట నేలలే. ఎర్ర చల్కలు, గ్రానైట్ గుట్టలు, వర్షాధార పత్తి, బత్తాయి తోటలు ఈ భూభాగానికి గుర్తులు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం ఇక్కడ కొత్త కాదు. చలికాలంలో ఎంత చలి పెట్టినా నీరు గడ్డకట్టే స్థితి రాదు. ఆయిల్ ఎంపికలోనూ మార్పిడి గడువులోనూ ఈ రెండు సంగతులే కీలకం.

చారిత్రక నేపథ్యం

గత తరం స్కూటర్లు ఎక్కువగా రెండు స్ట్రోకులవి. 1972లో వచ్చిన బజాజ్ చేతక్, హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీ తయారుచేసిన పుష్పక్ ఆ కోవలోవే. వాటిలో ఆయిల్‌ను పెట్రోలుతో కలిపి పోసేవారు. లీటరు పెట్రోలుకు సుమారు 20 మిల్లీలీటర్ల 2టి ఆయిల్ సాధారణ కొలత. ఆ ఆయిల్ పెట్రోలుతో పాటే కాలి నీలి పొగగా బయటికి పోయేది. ఇంజిన్ ఆయిల్‌ను దించి కొత్తది పోసే పనే ఉండేది కాదు, గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కటే మార్చేవారు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా గేర్లు మార్చే పని లేకుండా బెల్టుతో నడిచే స్కూటర్‌ను దేశానికి పరిచయం చేసింది. అదీ రెండు స్ట్రోకులదే.

2000 దశకం ఆరంభంలో హోండా యాక్టివాతో నాలుగు స్ట్రోకుల స్కూటర్ ఇంటింటి బండి అయింది. 2007లో సుజుకీ యాక్సెస్, 2013లో టీవీఎస్ జుపిటర్ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్–6 నిబంధనలు అమల్లోకి రావడంతో కార్బురేటర్ల స్థానంలో ఇంధన ఇంజెక్షన్ స్థిరపడింది. నాలుగు స్ట్రోకులకు మారడంతో కొత్త బాధ్యత వచ్చిపడింది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఆయిల్ కాలిపోదు, కింది భాగంలోనే ఉండి మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కాబట్టి పాతబడుతుంది. పాతబడినా బండి నడుస్తూనే ఉంటుంది. అందుకే చాలామందికి ఆ సంగతి ఇంజిన్ బోరుకు వచ్చాక గానీ తెలియదు.

ఇంజిన్‌లో వేడి

పెట్రోలు మండగా వచ్చే శక్తిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే చక్రానికి పనికొస్తుంది. మిగిలినదంతా వేడే. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ ద్వారా పోతుంది, కొంత సిలిండర్ గోడలకూ హెడ్‌కూ పిస్టన్‌కూ చేరుతుంది. మోటార్‌సైకిల్ ఇంజిన్ ఎదురుగాలికి నేరుగా తగులుతుంది. స్కూటర్ ఇంజిన్ సీటు కింద, ప్లాస్టిక్ కవర్ల నడుమ ఉంటుంది. ఎదురుగాలి అందదు కాబట్టి క్రాంక్ షాఫ్ట్‌కు బిగించిన ఫ్యాను గాలిని పీల్చి, సిలిండర్ చుట్టూ ఉన్న కవర్ గుండా ఫిన్ల మీదికి తోస్తుంది. ఫ్యాను తోసే ఆ గాలి బయట ఉన్న గాలే. బయట 44 డిగ్రీలుంటే ఇంజిన్‌ను చల్లబరచాల్సింది ఆ 44 డిగ్రీల గాలే.

ఇలాంటి ఇంజిన్లలో పూర్తిగా వేడెక్కిన తరవాత ఆయిల్ ఉష్ణోగ్రత సాధారణంగా 90 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటుంది. నిండు ఎండలో ఇద్దరు ఎక్కి, సామానుతో, ఆగకుండా వేగంగా వెళితే ఇంకా పైకి పోతుంది. పానగల్ నుంచి నాగార్జునసాగర్ దాకా సుమారు 60 కిలోమీటర్లు మే నెల మధ్యాహ్నం ఒకే ఊపున వెళ్లడం అలాంటి ప్రయాణం. చిన్న స్కూటర్ల డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ వేడి చూపే ముల్లు ఉండదు. బీఎస్–6 బండ్లలో ఇంజిన్ ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ ఉన్నా, అది ఇంధనం ఎంత చల్లాలో కంప్యూటర్‌కు చెప్పడానికే తప్ప నడిపేవారికి అంకె చూపడానికి కాదు.

ఫ్యాను దారి మూసుకుపోతే వేడి మరింత పెరుగుతుంది. ఈ ప్రాంతంలో పత్తి పింజలు, ఎండు గడ్డి, చల్క దుమ్ము ఫ్యాను కవర్ జాలీకి పట్టేస్తాయి. ఆయిల్ కొంచెం కారే బండిలో ఆ దుమ్ము తడిసి ఫిన్ల మధ్య గట్టిగా పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే బండి శుభ్రంగానే ఉంటుంది, కవర్ విప్పితే ఫిన్ల సందులు పూడిపోయి కనిపిస్తాయి. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఫ్యాను కవర్ తీసి శుభ్రం చేయమని అడగడం ఏ ఖరీదైన ఆయిల్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

చిక్కదనం, గ్రేడ్లు

ఆయిల్ చిక్కదనాన్ని శాస్త్ర పరిభాషలో స్నిగ్ధత అంటారు. వేడి పెరిగే కొద్దీ అది తగ్గుతుంది. 10డబ్ల్యూ–30 ఆయిల్ 40 డిగ్రీల వద్ద దాదాపు 70 సెంటీస్టోకుల చిక్కదనంతో ఉంటే, 100 డిగ్రీల వద్ద 10కి అటూ ఇటూగా, 130 డిగ్రీల వద్ద 6 దరిదాపులకు పడిపోతుంది. పలచబడినప్పుడు బేరింగులు, క్యామ్‌ల మధ్య పొర సన్నబడుతుంది. పొర తెగిన చోట లోహం లోహానికి తగులుతుంది.

డబ్బా మీద ఉండే అంకెలను ఎస్‌ఏఈ ప్రమాణం నిర్ణయిస్తుంది. ‘డబ్ల్యూ’ ముందున్న అంకె చలిలో ప్రవహించే గుణాన్ని, తరవాతి అంకె వేడిలో నిలిచే చిక్కదనాన్ని చెబుతాయి. 30 గ్రేడు 100 డిగ్రీల వద్ద 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల మధ్య, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య ఉండాలి. 10డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 డిగ్రీల చలిలో, 20డబ్ల్యూను మైనస్ 15 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. నల్లగొండలో ఆ చలి ఎన్నడూ రాదు కాబట్టి ఇక్కడ స్టార్టింగ్ కోసం 10డబ్ల్యూ తప్పనిసరి కాదు. అయినా పలచని ఆయిల్ ఉదయం క్యామ్ దాకా త్వరగా చేరుతుంది, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది, మైలేజీకీ కలిసొస్తుంది. ఎండలు ఎక్కువని తోచినంత చిక్కటి ఆయిల్ పోయడం సరికాదు. ఇంజిన్‌లోని సందులు, పంపు కొన్ని గ్రేడ్లను దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. మాన్యువల్ అనుమతించిన గ్రేడ్లలో నుంచే ఎంచుకోవాలి.

స్కూటర్ ఆయిల్, బైకు ఆయిల్

మోటార్‌సైకిల్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. క్లచ్ ప్లేట్లు పట్టు తప్పకుండా ఉండాలంటే ఆ ఆయిల్ మరీ జారుడుగా ఉండకూడదు. జపాన్ ప్రమాణ సంస్థ జాసో ఇలాంటి ఆయిల్‌కు ‘ఎంఏ’ గుర్తు ఇచ్చింది. బెల్టుతో నడిచే స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌కు దూరంగా, పొడిగా ఉంటుంది. అందుకే వాటికి రాపిడి ఇంకా తక్కువగా ఉండే ‘ఎంబీ’ రకం సరిపోతుంది. చాలా కంపెనీలు 10డబ్ల్యూ–30 ఎంబీ ఆయిల్‌ను సూచిస్తాయి.

ఊరి మెకానిక్ షెడ్లలో ఒకే పెద్ద డబ్బా నుంచి బైకులకూ స్కూటర్లకూ 20డబ్ల్యూ–40 పోయడం మామూలే. ఎంఏ ఆయిల్ పోసినంత మాత్రాన స్కూటర్ ఇంజిన్ చెడిపోదు, మైలేజీ కొంచెం తగ్గుతుంది. ఎంబీ ఆయిల్‌ను తడి క్లచ్ ఉన్న బైకులో పోస్తే మాత్రం క్లచ్ జారవచ్చు.

ఆయిల్ చెడిపోయే తీరు

వేడి వల్ల: వేడిలో ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లాలుగా, జిగురుగా మారుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంజినీర్లు స్థూలంగా లెక్కిస్తారు. అంటే 100 డిగ్రీల వద్ద జరిగేదానికన్నా 120 డిగ్రీల వద్ద నాలుగు రెట్లు వేగంగా జరుగుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్‌లో బయటి గాలి ఎంత వేడెక్కితే ఆయిల్ కూడా దాదాపు అంత వేడెక్కుతుంది. జనవరిలో 20 డిగ్రీల ఉదయానికీ మేలో 44 డిగ్రీల మధ్యాహ్నానికీ తేడా 24 డిగ్రీలు. ఈ లెక్కన వేసవి మధ్యాహ్నం ఒక గంట పరుగు, అదే తీరు శీతాకాలపు పరుగు ఐదు గంటల పాటు చేసినంత పాతదనాన్ని తెస్తుంది. ఆయిల్‌లో కలిపిన రక్షక రసాయనాలు ఈ చర్యను కొంతకాలం అడ్డుకుంటాయి. అవి ఖర్చయిపోయాక ఆయిల్ వేగంగా దిగజారుతుంది.

తేమ, పెట్రోలు వల్ల: ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొద్ది భాగం, మండని పెట్రోలు ఆవిరితో పాటు, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో చేరుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఈ తేమ ఎగిరిపోతుంది. పానగల్ నుంచి నల్లగొండ గడియారం సెంటర్ దాకా పోయే నాలుగైదు కిలోమీటర్లలో ఆయిల్ పూర్తిగా వేడెక్కే లోపే బండి ఆగిపోతుంది. చేరిన తేమ అక్కడే మిగిలి, ఆయిల్ మూత లోపల పాలమీగడ రంగు నురగగా కనిపిస్తుంది. వానాకాలం, చలికాలం ఉదయాల్లో ఇది ఎక్కువ.

దుమ్ము వల్ల: చల్క నేలల దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగా కూర్చోకపోయినా అవి సిలిండర్‌లోకి చేరి రింగులనూ బోరునూ అరగదీస్తాయి, తరవాత ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా పోతాయి. ఎన్నో స్కూటర్లలో కార్లకు ఉండే కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు, ఒక సన్నని జాలీ మాత్రమే ఉంటుంది. జాలీ పెద్ద ముక్కలను ఆపుతుంది, సన్నని రేణువులు దాని గుండా సాగిపోతాయి. వాటిని బయటికి పంపే దారి ఆయిల్ మార్చడం ఒక్కటే.

మార్పిడి గడువు

కొత్త బండిలో భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకునేటప్పుడు సన్నని లోహపు రజను రాలుతుంది. అందుకే తొలి మార్పిడి 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపు చేయిస్తారు. ఆ తరవాత మోడల్‌ను బట్టి 3,000 నుంచి 6,000 కిలోమీటర్ల మధ్య గడువు ఉంటుంది. గడువు పక్కనే ‘లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది’ అన్న మాట కూడా ఉంటుంది. ఎక్కువమంది వదిలేసేది ఆ మాటనే.

ఈ ప్రాంతంలో కనిపించే రెండు రకాల వాడకాలు చూస్తే ఆ మాట విలువ తెలుస్తుంది. పానగల్ నుంచి పట్టణంలోని బడికి వెళ్లే టీచరమ్మ రోజుకు రానూపోనూ 8 కిలోమీటర్లు తిరుగుతారనుకుంటే, 300 రోజులకు 2,400 కిలోమీటర్లు. 6,000 పూర్తవ్వాలంటే రెండున్నరేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఆయిల్ తేమనూ పెట్రోలునూ భరిస్తూనే ఉంటుంది. రోజూ 60 కిలోమీటర్లు తిరిగి పాలు పోసే వ్యక్తి బండి ఏడాదికి 18,000 కిలోమీటర్లు పోతుంది. ఆయనకు 3,000 కిలోమీటర్లు 50 రోజుల్లోనే పూర్తవుతాయి. క్యాన్ల బరువుతో, గడపగడపకూ ఆగుతూ, ఇంజిన్ ఆపకుండా నిలబడే ఆ బండిలో మీటరు తిరగని సమయంలోనూ ఆయిల్ పని చేస్తూనే ఉంటుంది.

ఈ తేడా గంటల్లో లెక్కిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లయితే 3,000 కిలోమీటర్లకు 100 గంటలు. నిమిషానికి 5,000 చుట్ల చొప్పున ఇంజిన్ 3 కోట్ల చుట్లు తిరుగుతుంది. సగటు వేగం 20కి పడితే అవే కిలోమీటర్లకు 150 గంటలు, నాలుగున్నర కోట్ల చుట్లు.

వీటన్నిటి దృష్ట్యా దక్షిణ తెలంగాణ మెట్టల్లో పాటించదగ్గ పద్ధతి ఇది:

– మాన్యువల్‌లోని గడువు గరిష్ఠ పరిమితి. దాన్ని దాటకూడదు.
– బరువు, దుమ్ము, ఆగి ఆగి నడిచే ప్రయాణాలు, వేసవి మధ్యాహ్నపు దూర ప్రయాణాలు ఎక్కువుంటే కిలోమీటర్ల గడువును సగం చేసుకోవాలి.
– ఒక్కో ప్రయాణంలో నాలుగైదు కిలోమీటర్లకు మించి పోని బండికి కిలోమీటర్లతో పని లేకుండా ఆరు నెలలకోసారి, కనీసం ఏడాదికోసారైనా మార్చాలి.
– ఏడాదికి ఒకసారే మార్చేవారికి ఉగాది ముందు వేళ మంచిది. రోళ్లు పగిలే రోహిణి ఎండలను బండి కొత్త ఆయిల్‌తో ఎదుర్కొంటుంది.

సింథటిక్ ఆయిల్ వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది కాబట్టి దూర ప్రయాణాల బండికి మేలు చేస్తుంది. పొట్టి ప్రయాణాల్లో చేరే తేమనూ పెట్రోలునూ అదీ ఆపలేదు. సింథటిక్ పోశామని నెలల గడువును పెంచకూడదు.

మట్టం చూడడం, ఆయిల్ మార్చడం

ఆయిల్ మట్టం గడువు కన్నా ముఖ్యం. 700 మిల్లీలీటర్లు పట్టే ఇంజిన్‌లో 200 తగ్గితే నాలుగో వంతుకు పైగా పోయినట్టే. మిగిలిన ఆయిల్ అంతా మరింత వేడెక్కుతుంది. నెలకు రెండుసార్లు చూసుకోవడం మంచి అలవాటు.

బండిని చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపాలి. రెండు మూడు నిమిషాల్లో ఆయిల్ కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. హోండా స్కూటర్లలో డిప్‌స్టిక్‌ను మరలు తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగిస్తే పుల్ల లోతుకు దిగి, తక్కువున్న ఆయిల్ సరిపోయినట్టు కనిపిస్తుంది. పై గీతకూ కింది గీతకూ మధ్య తడి ఉంటే సరే. వాడుతున్నా మట్టం పెరుగుతూ పెట్రోలు వాసన వస్తే ఇంధనం కలుస్తోందని అర్థం. మెరిసే రజను కనిపిస్తే వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి. చల్లటి ఆయిల్ మురికిని లోపలే వదిలి నెమ్మదిగా కారుతుంది, మరీ వేడి ఆయిల్ చేతులు కాలుస్తుంది. డ్రెయిన్ బోల్టు విప్పి పూర్తిగా కారనివ్వాలి. జాలీని తీసి పెట్రోలుతో కడగాలి, వాషర్ నలిగి ఉంటే మార్చాలి. అల్యూమినియం మరలు త్వరగా తెగుతాయి కాబట్టి బోల్టును బలం కొద్దీ బిగించకూడదు. కొలత పాత్రతో మాన్యువల్ చెప్పినంతే పోయాలి. ఎక్కువ పోస్తే ఆయిల్ నురగ కట్టి, గాలి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. కొత్త డబ్బా సీలును కళ్లముందే విప్పించుకోవాలి, ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పారేయాలి. అలా చేస్తే అందులో ఎవరూ నాసిరకం ఆయిల్ నింపి అమ్మలేరు.

గేర్ ఆయిల్

వెనక చక్రం దగ్గరి గేర్ల పెట్టెలో విడిగా 100 నుంచి 120 మిల్లీలీటర్ల ఆయిల్ ఉంటుంది. దీనికి మంట వేడీ మసీ తగలవు కాబట్టి గడువు చాలా ఎక్కువ. అలాగని పూర్తిగా మరిచిపోతే ఆయిల్ సీలు పోయి, లోపలి ఆయిల్ కారిపోయినా తెలియదు. వెనక చక్రం దగ్గర గుంయ్ మనే మోత దాని గుర్తు. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఇంజిన్ ఆయిల్ ఉండదు గానీ కొన్నింటిలో గేర్ ఆయిల్ ఉంటుంది.

సాధారణ అపోహలు

ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టే అనుకుంటారు. మసిని తనలో పట్టి ఉంచే మంచి ఆయిల్ త్వరగానే నల్లబడుతుంది, కాబట్టి రంగును బట్టి గడువు తేల్చలేం. వేళ్ల మధ్య రుద్ది జిగట చూడడం కూడా నమ్మదగ్గది కాదు. వంద డిగ్రీల వద్ద ఆయిల్ ఎలా ఉంటుందో చేతి వేడి చెప్పదు. పాత ఆయిల్‌పైనే కొత్తది కొంచెం పోస్తే చాలన్నది మరో అపోహ. అలా చేస్తే మట్టం నిండుతుంది, ఆమ్లాలూ రేణువులూ అలాగే మిగులుతాయి.

వాడిన ఆయిల్

దించిన ఆయిల్‌లో లోహపు రజను, ఆమ్లాలు, కాలిన ఇంధనపు విష పదార్థాలు ఉంటాయి. దేశంలో దీన్ని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద లెక్కిస్తారు. సేకరించి మళ్లీ శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టే సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఊళ్లలో మాత్రం ఈ ఆయిల్‌ను సెంట్రింగ్ చెక్కలకు పూస్తారు, చెదలు పట్టకుండా వాసాలకు రాస్తారు, మిగిలింది మోరీలో పోస్తారు.

ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా ఎముకలు వంగిపోయిన జిల్లా ఇది. మంచినీళ్ల విలువ నల్లగొండకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉదయసముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో మోరీలో పోసిన నూనె వానకు కొట్టుకుపోయి చేరేది చెరువులకూ బోర్లకూ. పాత ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, నీళ్లూ పెట్రోలూ కలపకుండా ఉంచి, సేకరించే సర్వీస్ సెంటర్‌కు లేదా రీసైక్లింగ్ ఏజెంట్‌కు అప్పగించాలి. షెడ్డులో మార్పిస్తే, దించిన ఆయిల్ ఎక్కడికి పోతుందో మెకానిక్‌ను అడగాలి. పది మంది అడిగితే ఆ షెడ్డులో ఒక డ్రమ్ము పెట్టక తప్పదు.